‘సుల్తానాస్ డ్రీమ్’ చదివాం: ఏనుగు మెదడు, పన్నెండు చుట్టలు, కాలిన నా చున్నీ

అమ్మాయిలకి సైన్స్ మీద ఇష్టం పుట్టిస్తాయని చెప్పి అమ్మే పుస్తకాలంటే నాకు కాస్త భయం. నువ్వూ సాధించగలవు తల్లీ అని పేజీకోసారి వెన్ను తడుతుంటే, అసలు సాధించలేనని ఎవరన్నా అన్నారా ఏంటని పిల్లలకి అనుమానం వస్తుంది. పదకొండేళ్ల మా మేనకోడలు అలాంటివి రెండు సగంలో పడేశాక, ఈ సెలవుల్లో తారా బుక్స్ వాళ్లు వేసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ తెప్పించాను.

ఇది బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుసేన్ 1905లో ఇంగ్లీషులో రాసిన చిన్న కథ. మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ లేడీస్ మ్యాగజీన్‌లో మొదట అచ్చయింది. ఆ పత్రిక నడిపిన కమలా సత్యనాథన్ మన తెలుగావిడే. రొకేయాని బడికి పంపలేదు, ఇంగ్లీషు అన్న దగ్గర రాత్రిళ్లు నేర్చుకుంది. భర్త పనిమీద ఊరెళ్లినప్పుడు పొద్దుపోక ఈ కథ రాస్తే, ఆయన తిరిగొచ్చి నిలబడే మొత్తం చదివేసి, భలే పగ తీర్చుకున్నావన్నాడట.

పగ ఏంటంటే, కుర్చీలో కునుకు తీసిన సుల్తానా లేడీలాండ్ అనే దేశంలో తేలుతుంది, అక్కడ ఆడవాళ్లు దర్జాగా వీధుల్లో తిరుగుతుంటే మగవాళ్లు పరదా చాటున ఉంటారు. ఆడపిల్లల యూనివర్సిటీలు రెండున్నాయి. ఒకరు గొట్టాలు తగిలించిన బెలూన్‌ని మబ్బుల పైన నిలిపి నీళ్లు తోడుకుంటారు, ఇంకొకరు ఎండ వేడిని పట్టి దాచుకుంటారు, దాంతోనే వంట, పొగా మసీ ఏమీ ఉండవు. డాబా మీద సోలార్ ప్లేట్లున్న ఇంట్లో పెరిగిన మా పిల్లకి ఇదేం వింతగా అనిపించలేదు. తిరుమలలో ఎండతో ఆవిరి పుట్టించి అన్నప్రసాదం వండే ఏర్పాటు వచ్చింది 2002లో అని చెప్తే మాత్రం, అంటే 97 ఏళ్లా అని వేళ్లు మడుస్తూ కూర్చుంది.

నాకు బాగా నచ్చింది వాదన. మగవాళ్ల మెదడు పెద్దది, బరువైంది కదా అంటుంది సుల్తానా. ఏనుగుది మనిషి మెదడు కన్నా పెద్దదేగా అంటుంది తనకి లేడీలాండ్ చూపించే సిస్టర్ సారా. ఇక్కడ మా పిల్ల పుస్తకం బోర్లించి మరీ నవ్వింది. తర్వాత మగవాళ్ల చుట్టల లెక్క: ఒక్కో చుట్టకి అరగంట, రోజుకి పన్నెండు చుట్టలు, ఆరు గంటలు పొగలోనే పోయాయి. అందుకే మీవాళ్లకి ఏడు గంటలు పట్టే పని మాకు రెండు గంటల్లో అయిపోతుందంటుంది ల్యాబ్‌లో పనిచేసే ఆ సారా.

యుద్ధంలో ప్రిన్సిపాలమ్మ రెండు వేల మంది విద్యార్థినులని వెంటేసుకెళ్లి శత్రువు మీదకి ఎండని గురిపెడుతుంది. అది చదవగానే భూతద్దం, పాత పేపరు పట్టుకుని డాబా ఎక్కాం. పేపరు కాలింది, నా చున్నీ అంచు కూడా. ఇక ఎగిరే బండికి రెండు హైడ్రోజన్ గోళాలు ఉంటాయి. “హైడ్రోజన్ అంటుకోదా అత్తా?” అంది. 1937లో హిండెన్‌బర్గ్ అనే హైడ్రోజన్ నింపిన గాలి ఓడ కాలిపోయిన వీడియో చూపించాను. కథలో తప్పు తనే పట్టుకున్నానన్న గర్వం రెండ్రోజులుంది.

లోపాలు లేకపోలేదు. బెలూన్ ఎలా పనిచేస్తుందో రొకేయా చెప్పదు. ప్రయోగం చెడగొట్టుకుని, తిట్టుకుని, మళ్లీ మొదలెట్టే అమ్మాయి ఇందులో ఒక్కతీ లేదు, అందరూ అప్పటికే గెలిచేసినవాళ్లే. ఇంగ్లీషు వందేళ్ల నాటిది కాబట్టి ఈ వయసు పిల్లలైతే పక్కన కూర్చోవాల్సిందే, జనానా (ఆడవాళ్లు పరదాలో ఉండే ఇంటి లోపలి భాగం) అంటే ఏంటో చెప్పడానికే నాకు ఒక సాయంత్రం పట్టింది. నాన్నని లోపల పెట్టేయడం ఏం బాలేదని మా పిల్ల గట్టిగా గొడవపడింది, నేను కాదనలేదు.

బొమ్మలు గోండ్ చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్‌వి, 2022లో పద్మశ్రీ వచ్చిందావిడకి. చుక్కలు, గీతలతో నిండిన ఆ బొమ్మల కోసమే నేనైతే కొంటాను. కథ ఒక్కటే చాలనుకుంటే కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు ఫోన్‌లో ఆ ఏనుగు పేజీ చదివి వినిపించండి, నవ్వితే పుస్తకం ఆర్డర్ పెట్టండి.