సూర్యాపేట కోర్టు దగ్గరి యాక్సిడెంట్ కేసుల లాయర్ గారు: ఐదుకి నాలుగు

ఆయన పేరు రాయడం లేదు. వకీళ్లు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది, పేరు ఎక్కడా పెట్టొద్దని ఆయన కూడా చెప్పారు. సూర్యాపేట కోర్టులో మోటారు యాక్సిడెంట్ కేసులు ఎవరు బాగా చూస్తారని అడిగితే నలుగురు చెప్పే పేర్లలో ఆయనదీ ఒకటి. మా అక్కా బావల కేసు మొదటి నుంచి ఆయనే నడిపారు.

జరిగింది ఇది. 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ నుంచి సూర్యాపేట వైపు వస్తుండగా, రాత్రి తొమ్మిది దాటాక, రోడ్డు మీదే ఆగి ఉన్న పది టైర్ల లారీని బావ బైక్ వెనక నుంచి గుద్దింది. లారీకి పార్కింగ్ లైట్లు వెయ్యలేదు. వెనక నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెట్టి వదిలేశారు. బావకు కుడికాలు మోకాలి కింద తీసేశారు. వెనక కూర్చున్న అక్కకు భుజం ఎముక విరిగింది. బావ వరికోత మిషన్ డ్రైవర్. ఇల్లు ఆయన సంపాదన మీదే నడిచేది.

పోలీసులకు మొదట అందిన ఫిర్యాదులో 'బైక్ నడిపే వ్యక్తి అతివేగంగా వచ్చి ఆగివున్న లారీని ఢీకొట్టాడు' అని ఉంది. మా చుట్టాలు కూడా 'వెనక నుంచి గుద్దినోడిదే తప్పు, ఒక్క రూపాయి రాదు' అని తేల్చేశారు. లాయర్ గారు మాత్రం కాగితాలు ముట్టుకోకముందే ఒక ప్రశ్న వేశారు: "లారీ రోడ్డు అంచున ఉండే తెల్లగీత లోపల ఆగిందా, బయట ఆగిందా తమ్మీ?" మాకు తెలియదు. ఆ సాయంత్రమే గుమస్తాను, నన్ను స్పాట్‌కి పంపారు.

అక్కడ టీ కొట్టు నడిపే అబ్బాయి, క్రేన్ వచ్చి లారీని తీయకముందే ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకున్నాడు. ఎడమ చక్రాలు మాత్రమే గీత అవతల ఉన్నాయి, మిగతా లారీ అంతా బళ్లు పోయే దారిలోనే ఉంది. ఫొటో ఉంటే సరిపోదని, అది తన ఫోన్లో తనే తీశానని ఆ అబ్బాయి సర్టిఫికెట్ ఇవ్వాలని, అది లేకపోతే కోర్టులో అవతలి లాయరు కొట్టేయిస్తాడని ఆయన వెంటపడి సంతకం పెట్టించారు. వెనక లైట్లు పనిచేయడం లేదని మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో వచ్చింది. ఆ కాపీ కూడా తెప్పించారు. యాక్సిడెంట్ జరిగిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు (యాక్సిడెంట్ పరిహారం కేసులు తేల్చే కోర్టు), ఇన్సూరెన్స్ కంపెనీకి మొదటి రిపోర్టు పంపాలన్న రూల్ 2022 నుంచి ఉందని, దాని కాపీ అడిగే హక్కు బాధితులకు ఉందని ఆయన చెప్తేనే మాకు తెలిసింది. క్లెయిమ్ వేయడానికి ఆరు నెలల గడువు అని కూడా ఆ ఏడాది నుంచే చట్టంలో ఉంది. అందుకే బావ ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందే వకాలత్ (మా తరఫున కేసు నడపమని సంతకం పెట్టిచ్చే కాగితం) తీసుకున్నారు.

నాకు బాగా నచ్చింది టోల్ గేటు విషయం. 'టైరు అప్పుడే పేలింది, మెకానిక్ కోసం పోయేలోపే బైక్ వచ్చి గుద్దింది' అని డ్రైవర్ చెప్పాడు. లాయర్ గారు చిల్లకల్లు టోల్ ప్లాజా రికార్డు తెప్పించమని ట్రిబ్యునల్‌ని కోరారు. లారీ సాయంత్రం ఆరు లోపే గేటు దాటినట్టు అందులో ఉంది. అక్కడి నుంచి స్పాట్‌కి గంట ప్రయాణం కూడా లేదు. అంటే చీకటి పడ్డాక గంటల తరబడి ఆ లారీ లైట్లు లేకుండా అక్కడే ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ ఒక్క కాగితం దగ్గర డ్రైవర్ మాట తడబడింది.

తర్వాత ఎవరి మీద వేయాలన్నది. డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టారు. ఆర్సీలో పేరున్న మనిషి 'లారీ ఎప్పుడో అమ్మేశాను' అని నోటరీ కాగితం చూపించాడు. పేరు మారనంత కాలం రికార్డులో ఉన్నవాడే ఓనర్ అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ వాదన నిలబడలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంకోటి పట్టుకున్నారు. డ్రైవర్‌కి ఉన్నది లైట్ మోటార్ వెహికిల్ లైసెన్సు మాత్రమే. 7,500 కిలోల లోపు బండైతే ఆ లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది, కానీ పది టైర్ల లారీ దానికి ఎన్నో రెట్లు బరువు. ఈ పాయింటులో మనం ఓడిపోతామని ఆయన ముందే చెప్పారు. అయినా భయపడొద్దని, కంపెనీ ముందు మనకు కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకునేలా ఆర్డర్ అడుగుతానని అన్నారు. అచ్చం అలాగే వచ్చింది. ఓడిపోయే చోట ఓడిపోతామని ముందే చెప్పే లాయరు దొరకడం మా అదృష్టం అనుకుంటున్నాను.

తప్పులో సగం బావదేనని కంపెనీ వాదించింది. రాత్రి లైట్లు లేకుండా రోడ్డు మధ్యలో ఆపిన ట్యాంకర్‌ను కారు గుద్దిన అర్చిత్ సైనీ కేసులో, 2018లో సుప్రీంకోర్టు కారు నడిపినవాడి తప్పేమీ లేదన్న తీర్పును ఆయన చదివి వినిపించారు. మా ట్రిబ్యునల్ బావ మీద 20 శాతం పెట్టింది. హెడ్‌లైట్ వెలుగులో కొంతైనా కనిపించి ఉండాలని జడ్జి గారి అభిప్రాయం. నాకైతే అది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. ఆ చీకట్లో, ఎదురుగా వచ్చే బళ్ల లైట్లు కంట్లో కొడుతుంటే, మట్టి కొట్టుకుపోయిన లారీ వెనక భాగం ఎవరికి కనిపిస్తుంది? అక్క పరిహారంలో మాత్రం ఏమీ కోయలేదు. వెనక కూర్చున్న మనిషికి ఏ బండి తప్పుతోనూ సంబంధం లేదు కాబట్టి మొత్తం లారీ వాళ్ల నుంచే అడగొచ్చని, అందుకే రెండు పిటిషన్లు విడివిడిగా వేశానని ఆయన తర్వాత వివరించారు.

ఫీజు సంగతి. ఆస్పత్రి వార్డులోకే వచ్చి 'వచ్చిన దాంట్లో ముప్పై శాతం ఇవ్వండి, ఖర్చులన్నీ మావే' అంటూ ఖాళీ వకాలత్ మీద బావ సంతకం అడిగిన వాళ్లు ఉన్నారు. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం వకీళ్లకు నిషేధం. మా లాయర్ గారు మొత్తం ఫీజు మొదటి రోజే చెప్పి, వాయిదాల్లో తీసుకుని, ప్రతిసారీ రసీదు ఇచ్చారు. పరిహారం డబ్బు నేరుగా అక్క, బావల ఖాతాల్లో పడింది. ఖాళీ చెక్కులు అడగలేదు. ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని మొదటి రోజే అక్కకు చెప్పింది కూడా ఆయనే.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఫోన్ ఎత్తరు. వాయిదా తేదీ మారితే మనమే ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోవాలి. గుమస్తా రెండుసార్లు అడిగితే గానీ కాపీ తీసివ్వడు. ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. కాళ్లు పోయినవాళ్లు, నడుములు విరిగినవాళ్లు వచ్చే చోట అది పెద్ద లోపం. బావని ప్రతిసారీ ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. అడిగితే ఆయనే కిందికి దిగి వచ్చి మాట్లాడతారు, కానీ అడగాలి.

పొద్దున వెళ్లకండి, కోర్టులో ఉంటారు. సాయంత్రం ఆరు తర్వాత ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆస్పత్రి బిల్లులు, స్పాట్ ఫొటోలు ఉంటే అవి, లారీ నంబరు పట్టుకుని వెళ్లండి. నంబరు ఉంటే చాలు, ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఎప్పటి వరకు ఉన్నాయో మీ ముందే చూస్తారు. కంపెనీ ఇప్పుడు హైకోర్టుకు అప్పీలు వెళ్లింది. హైదరాబాద్ కేసులు ఆయన చూడరు, ఫైలు అక్కడి వేరే లాయరు గారికి అప్పగించారు. కాబట్టి ఈ మార్కులు సూర్యాపేటలో జరిగిన పనికి మాత్రమే.