రాజు గుర్రం, దేవుడి గుర్రం: ఇరాన్‌లో మా పది రోజులు

ఇరాన్‌కి వెళ్తే బ్యాంకు కార్డులు ఇంట్లోనే పెట్టేయండి. ఆంక్షల వల్ల మన వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయవు. 2019 అక్టోబర్‌లో మేము మొత్తం ఖర్చుకి సరిపడా డాలర్లు నడుముకి కట్టుకునే వెళ్ళాం. అక్కడ ఇంకో చిక్కు ఉంది. నోటు మీద ఉండేది రియాల్, జనం నోట్లో ఉండేది తోమాన్. ఒక తోమాన్ అంటే పది రియాల్‌లు. టెహ్రాన్‌లో టాక్సీ అతను తోమాన్‌లలో చెప్పిన కిరాయిని రియాల్‌లు అనుకుని పదో వంతు చేతిలో పెట్టాను. అతను నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. టెహ్రాన్ గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు, ఒక్క పూట చాలు.

యజ్ద్ ఊళ్ళో పాత మట్టి ఇంటిని హోటల్‌గా మార్చిన చోట దిగాం. అచ్చం మన మండువా లోగిలే. మధ్యలో నీళ్ళ తొట్టి, చుట్టూ గదులు, పైన గాలిని లోపలికి దింపే బాద్‌గీర్ గోపురం. వేడినీళ్ళు గోరువెచ్చన దాటలేదు కానీ, మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను. మాంసం తినని వాళ్ళకి వంకాయతో చేసే కష్క్ బాదెమ్‌జాన్ ఉంటుంది, పుల్ల మజ్జిగలాంటి దూగ్ ఉంటుంది. మా ఆవిడ ఈ రెండింటితోనే నాలుగు రోజులు నెట్టుకొచ్చింది.

అక్కడి జొరాస్ట్రియన్ల (పార్సీలది ఈ మతమే) అగ్ని ఆలయంలో మంట క్రీ.శ. 470 ప్రాంతం నుంచి ఆరలేదని చెబుతారు. భవనం మాత్రం కొత్తదే. బొంబాయి పార్సీల సాయంతో కట్టారు, 1934లో అగ్నిని ఇక్కడికి తెచ్చారు. సికింద్రాబాద్ పార్సీ గుడి ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో, లోపలికి మాత్రం మనల్ని రానివ్వరు. ఇక్కడైతే అద్దం అవతల కంచు పాత్రలో మంట, ఇవతల సెల్ఫీల గుంపు. పది నిమిషాల్లో చూడటం అయిపోతుంది. ఒకప్పుడు ఇరాన్‌లో ఈ మతమే రాజ్యమతమని ఆ చిన్న హాల్లో నిలబడితే తట్టదు. అది తెలియాలంటే షిరాజ్ దాటి వెళ్ళాలి.

షిరాజ్ నుంచి రోజంతటికీ టాక్సీ మాట్లాడుకోండి. పాత పర్షియా రాజుల రాజధాని పెర్సెపొలిస్ సుమారు అరవై కిలోమీటర్లు. టూర్ బస్సులు చాలావరకు అక్కడే సమయమంతా తినేసి, నక్ష్-ఎ-రుస్తం దగ్గర ఇరవై నిమిషాలిస్తాయి. నా మాట వింటే దాన్ని తిరగేయండి. పర్షియా చక్రవర్తి దరియస్ కట్టడం మొదలుపెట్టిన, క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ తగలబెట్టిన పెర్సెపొలిస్ గొప్పదే, కాదనను. కానీ నక్ష్-ఎ-రుస్తంలో కొండ పైభాగాన దరియస్ వంశం సమాధులుంటే, వాటి కిందే అయిదు వందల ఏళ్ళకి పైగా గడిచాక వచ్చిన ససానియన్ వంశపు రాజులు తమ బొమ్మలు చెక్కించుకున్నారు.

వాటిలో ఒకదాని ముందు గంటసేపు కూర్చున్నాను. క్రీ.శ. 224లో ఈ ససానియన్ వంశాన్ని నిలబెట్టిన అర్దషీర్ ఒక గుర్రం మీద, జొరాస్ట్రియన్ల దేవుడు అహురా మజ్దా ఇంకో గుర్రం మీద ఎదురెదురుగా ఉంటారు. దేవుడు అధికార వలయాన్ని రాజుకి అందిస్తున్నాడు. ఇద్దరిదీ ఒకటే ఎత్తు! రాజు గుర్రం కాళ్ళ కింద ఓడిపోయిన పాత వంశపు పార్థియన్ రాజు, దేవుడి గుర్రం కింద దుష్టశక్తి అహ్రిమన్. నా శత్రువు, దేవుడి శత్రువు ఒకటేనని ఇంత సూటిగా చెప్పిన రాయి నేనెక్కడా చూడలేదు. గుర్రాల మీద పేర్లు మూడు భాషల్లో ఉన్నాయి, గ్రీకులో ఆ దేవుడు జియస్ అయిపోయాడు.

ఎదురుగా ఉన్న చదరపు రాతి కట్టడం మీద కర్తీర్ అనే ప్రధాన పూజారి శాసనం ఉంది. రాజ్యంలో తాను అణిచివేయించిన మతాల వాళ్ళని అందులో వరసగా చెప్పుకున్నాడు: యూదులు, క్రైస్తవులు, మానీ అనే ప్రవక్త అనుచరులు, శ్రమణులు (బౌద్ధులు), బ్రాహ్మణులు. మన మాటలు మూడో శతాబ్దపు పర్షియా శాసనంలో, అదీ ఆ జాబితాలో! పక్కనే ఉన్న నక్ష్-ఎ-రజబ్‌లో అతని బొమ్మ కూడా ఉంది. గడ్డం లేదు, ఎత్తు టోపీ, వేలు పైకెత్తి ఉంటాడు. పూజారి తన బొమ్మని రాజుల పక్కన చెక్కించుకోగలిగాడంటే అతని పలుకుబడి ఎంతో అర్థమవుతుంది. అక్కడ మేము తప్ప ఇంకెవరూ లేరు, టికెట్ కూడా తక్కువే.

ఇస్ఫహాన్‌లో ఇంకో వంశం, సఫావిద్‌లు; ఇంకో మతం, ఇస్లాం. 1501లో ఆ వంశపు మొదటి రాజు షా ఇస్మాయిల్ షియా మతాన్ని రాజ్యమతంగా ప్రకటించేనాటికి జనంలో ఎక్కువమంది సున్నీలు. బోధించడానికి లెబనాన్ వైపు నుంచి పండితుల్ని రప్పించుకున్నారు. అలా వచ్చినవాడే షేక్ లొత్ఫొల్లా, అదే వంశంలో తర్వాతి రాజు షా అబ్బాస్‌కి మామగారు. ఆయన పేరుతో ఉన్న మసీదుకి మినార్లు లేవు. చీకటి వసారాలో వంపు తిరిగి లోపలికి వెళ్ళాలి, ఎందుకంటే మసీదు ముందున్న పెద్ద మైదానం ఒక దిక్కుకి, మక్కా ఇంకో దిక్కుకి. ఎండ ఉన్న వేళ వెళ్తే గుమ్మటం కింద వెలుగు నెమలి తోకలా పరుచుకుంటుంది.

బస మాత్రం ఇక్కడ మోసమే. ఫొటోల్లో మైదానం కనిపించే గది, చేతికి వచ్చింది గోడ కనిపించే గది. అడిగితే టీ ఇచ్చి నవ్వారు. ఆ సాయంత్రం మైదానంలోనే, గడ్డి మీద దుప్పటి పరుచుకున్న కుటుంబాల మధ్య కూర్చున్నాం. హైదరాబాద్ నుంచి వచ్చామంటే ఒక పెద్దాయన మీ దగ్గర మొహర్రం చేస్తారా అని అడిగాడు. హిందువులు కూడా పీర్లు ఎత్తుతారని చెప్పి, ఫోన్‌లో మా ఊరి పీర్ల పండుగ ఫొటో చూపించాను. ఆయన ఫోన్ తీసుకుని పక్క దుప్పటి వాళ్ళకి ఇచ్చాడు, తిరిగి నా చేతికి రావడానికి పావుగంట పట్టింది.