ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తడమా, ముందే అడిగేయడమా: ఏది మేలు?

సినిమాల్లో అమ్మాయి ఫ్లైట్ ఎక్కే టైమ్‌కి హీరో రొప్పుకుంటూ వచ్చేస్తాడు కదా, అది శంషాబాద్‌లో చేసి చూడండి, టికెట్టూ ఐడీ లేకపోతే గేటు దగ్గరే సెక్యూరిటీ చూసే సీఐఎస్ఎఫ్ వాళ్ళు ఆపేస్తారు, ప్రేమ అంటే లోపలికి పంపరు. ఆ ముక్కేదో ఆర్నెల్ల ముందే అమీర్‌పేట మెట్రోలో రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కి మారేటప్పుడు అడిగేసుంటే ఈ ఆయాసం ఉండేదా?

నాకు ఒళ్ళు మండేది మాత్రం పబ్లిక్ ప్రపోజల్స్ చూస్తే. మా ఫ్రెండ్ ఒకడు హోటల్లో కేకూ గిటారూ అన్నీ పెట్టించి అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు, చుట్టూ ఉన్నోళ్ళు ఫోన్లు తీసి "యెస్ చెప్పు యెస్ చెప్పు" అని ఒకటే గోల, పాపం ఆ పిల్ల నవ్వుతూ తలూపింది. పార్కింగ్‌లోకి వచ్చాక "నాకిష్టం లేదురా, అంతమందిలో నీ పరువు తీయలేక ఊరుకున్నా" అంది. అదే "శనివారం ఖాళీనా, ఇరానీ చాయ్ తాగుదామా" అని అడిగుంటే "లేదు, పనుంది" అని తప్పుకునేది, ఇద్దరికీ పోయేదేం లేదు.

వెంటపడటం సంగతి చెప్పక్కర్లేదు. వద్దన్నా వెంటపడితే 2013 నుంచీ నేరమే, ఇప్పుడు బీఎన్ఎస్ (ఐపీసీ బదులొచ్చిన కొత్త చట్టం) 78వ సెక్షన్, సినిమాలో అయితే పాట, ఇక్కడ ఆడవాళ్ళని వేధించేవాళ్ళని పట్టుకునే పోలీసు షీ టీమ్స్.

అలాగని ప్రాక్టికల్ సలహాలన్నీ గొప్పవా అంటే వాటికీ ఓ జబ్బుంది. "ఫస్ట్ డేట్‌లోనే క్లారిటీ తెచ్చుకో" అన్నారని ఒకాయన కూర్చోగానే ప్యాకేజీ ఎంత, ఆన్‌సైట్ ఛాన్స్ ఉందా, ఇల్లు సొంతమా అని మొదలెట్టాడు, అచ్చం పెళ్ళిచూపులే, పకోడీలు ఒక్కటే తక్కువ. నలుగురూ ఉండే చోట కలవడం, ఫ్రెండ్‌కి లొకేషన్ పంపడం, బిల్లు సగం సగం, ఇవి మాత్రం చచ్చినట్టు పాటించాల్సినవే.

నా ఓటు ముందు అడగడానికే, అవతలి వాళ్ళు సరే అన్నాక మీ సినిమా మీరు తీసుకోండి. నా సంగతంటారా, ఒకడు తెల్లారి నాలుగింటికి నన్ను ఎయిర్‌పోర్ట్‌కెళ్ళే పుష్పక్ బస్సెక్కించడానికొచ్చాడు, పువ్వులూ లేవు ఏం లేవు, నేను మర్చిపోయిన ఛార్జర్ పట్టుకొచ్చి బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. వాణ్ణే చేసుకున్నా.