లక్నవరం పోతే అన్నం ఎక్కడ తినాలి: దీవిలోనా, గేటు దగ్గరా, ఊళ్లోనా?

హైదరాబాద్ నుంచి చుట్టాలు వచ్చారంటే మా హన్మకొండ ఇంట్లో ప్రోగ్రామ్ ఒకటే. మొదటి రోజు వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట. రెండో రోజు పొద్దున్నే రామప్ప, అక్కడి నుంచి లక్నవరం చెరువు. రామప్పలో తిండి గురించి ఎవరూ అడగరు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి, ఫొటోలతోనే వాళ్ల కడుపు నిండుతుంది. లక్నవరంలో అలా కాదు. హ్యాంగింగ్ బ్రిడ్జి మీద ఊగి, పడవ ఎక్కి దిగేసరికి ఒంటిగంట దాటుతుంది, పిల్లలు ఏడుపు మొదలుపెడతారు. అప్పుడు అందరూ నా మొహం చూస్తారు, ఇక్కడ మన లోకల్ తిండి ఎక్కడ దొరుకుతుందని.

చాలాసార్లు పోయి, రకరకాలుగా తిని చూశాక నాకు అర్థమైనది ఇది. లక్నవరంలో నీళ్లకు ఎంత దగ్గరగా కూర్చుంటే మన వంట అంత దూరమవుతుంది. మంచి భోజనం కావాలంటే చెరువు దాకా పోయాక వెతకకూడదు, పోయే దారిలోనే చెప్పి పెట్టుకోవాలి.

దీవి సంగతి ముందు చెప్తాను. కాకతీయుల కాలం నాటి ఈ చెరువు మధ్యలో చిన్న చిన్న దీవులున్నాయి, వాటి మీద కాటేజీలు, రెస్టారెంట్ ఉన్నాయి. చుట్టూ నీళ్లు, అవతల గుట్టలు, గాలి. చూపుకు దీన్ని కొట్టింది లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే నేను కూడా ఇంకో ఆలోచన చేయను. కుర్చీ ఉంటుంది, చేతులు కడుక్కునే చోటుంటుంది, ఎండలో తిరిగే పని ఉండదు. కానీ తిండి అన్ని ఊళ్లవాళ్ల కోసం పెట్టినది. బిర్యానీ, ఫ్రైడ్ రైస్, చికెన్ 65 లాంటివి. చేప అంటే టూరిస్టుల నోటికి ముందు వచ్చే పేరు అపోలో ఫిష్, అదేమో హైదరాబాద్ వంటకం. తప్పేం లేదు, బాగుంటే తినండి. అయితే ములుగు అడవి అంచుదాకా వచ్చి తిన్న తిండి అనిపించదు.

గేటు బయట చేపల వేపుడు బండ్లు ఇంకో దారి. కారం, పసుపు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద పట్టించిన ముక్కలు పళ్లెంలో ఎర్రగా పేర్చి ఉంటాయి, అడగగానే నూనెలో వేస్తారు. వాసనకు కాళ్లు ఆగిపోతాయి. అయితే ఆ చేప ఈ చెరువుదేనా? అన్ని కాలాల్లో ఒకే జవాబు ఉండదు. వానాకాలంలో చెరువు నిండి ఉన్నప్పుడు వలకు చేప అంత తొందరగా చిక్కదు. ఎండాకాలం నీళ్లు తగ్గాక రవ్వ, బొచ్చె బాగా పడతాయి. అందుకే నేను బండి మీది ముక్కను చూడను, కోయని చేపను చూపించమంటాను. మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా ఉంటే కూర్చుంటాను. కళ్లు లోపలికి పోయి ఉంటే మక్క కంకి కొనుక్కుని ముందుకు నడుస్తాను. ఇంకొకటి, నూనె. పదకొండు గంటలకు తిన్న ముక్కకూ, సాయంత్రం నాలుగింటికి నల్లబడిన నూనెలో వేగిన ముక్కకూ చాలా తేడా.

కొర్రమట్ట, అదే కొర్రమీను విషయంలో మాత్రం నేను ఒకసారి బాగా మోసపోయాను. ఇక్కడ కాదు, దారిలో ఎక్కడో ఒక దాబాలో. కొర్రమీను పులుసని చెప్పి, దానికి తగ్గ డబ్బులు తీసుకుని, ముళ్లు ఏరుకోలేక చచ్చే ఇంకేదో చేప పెట్టారు. మా బావ సగంలో లేచి, ‘ఇది మన రాష్ట్ర చేప కాదు బావా, పక్క రాష్ట్రం నుంచి ఐసు డబ్బాలో వచ్చిన చేప’ అన్నాడు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే కదా, ఆ ఎగతాళి. దాన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. తల పాము తలలా ఉంటుంది, ఒళ్లు గుండ్రంగా ఉంటుంది, నడిమి ముల్లు తీసేస్తే సన్న ముళ్ల బాధ దాదాపు ఉండదు. గాలి పీల్చుకుని బతికే చేప కాబట్టి టబ్బులో కొద్ది నీళ్లలో కూడా బతికే ఉంటుంది. బతికున్నదాన్నే కోయించుకోవాలి. ఐసులో పెట్టిన కొర్రమట్టకు ఆ ధర పెట్టడం నాకిష్టం లేదు.

ఇక నా మనసు పోయేది ఊళ్లోని వంటకే. ములుగు దాటి ఏటూరునాగారం రోడ్డు మీద పోతుంటే చల్వాయి దగ్గర లక్నవరం దారి చీలుతుంది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో, రేకుల షెడ్లలో ఆర్డర్ మీద వండిపెట్టేవాళ్లు దొరుకుతారు. కోడి మీరు కొనిచ్చినా సరే, వాళ్లనే తెమ్మన్నా సరే. నేను ములుగు రాకముందే వచ్చే గట్టమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టగానే ఫోన్ చేస్తాను. అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ ఇవే: “ఎంతమందొస్తున్రు సార్? పిల్లలెందరు? కారం మంచిగ వెయ్యాల్నా, తక్కువనా?” ఆ తర్వాత మేము రామప్ప చూసి, చెరువులో తిరిగి వచ్చేసరికి రెండవుతుంది, కూర కూడా అప్పటికే దిగుతుంది.

ఈ టైమ్ లెక్క ఎందుకంటే నాటుకోడి తొందరపడదు. బొచ్చు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి కడుగుతారు, తోలు తీయరు. కట్టెల పొయ్యి మీద గంటకు పైనే ఉడకాలి. అరగంటలో వచ్చిన నాటుకోడి కూర నాటుకోడిది కాకపోవచ్చు. వనరాజా, గిరిరాజా లాంటి సంకర రకాలు, గుడ్లు పెట్టడం ఆగిన లేయర్ కోళ్లు అదే పేరుతో చాలాచోట్ల అమ్ముడవుతాయి. కోడిని బతికుండగా చూడగలిగితే చూడండి. జొన్నరొట్టె కావాలంటే ముందే చెప్పాలి. అప్పటికప్పుడు అడిగితే అన్నమే పెడతారు. రేటు కూడా ఫోన్‌లోనే తేల్చుకోవాలి, కోడి ధర వేరు, వండిన కూలి వేరు. తిన్నాక లెక్క మాట్లాడితే ఇద్దరికీ మొహమాటం.

లోటు లేదని కాదు. కూర్చోవడానికి చాపో, ప్లాస్టిక్ కుర్చీనో. ఈగలుంటాయి. ఒకసారి ఉప్పు ఎక్కువైతే అందరం మజ్జిగ పోసుకుని సర్దుకున్నాం. మేడారం జాతర రోజుల్లో, అంటే రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి చుట్టూ, ఈ దారి నమ్ముకోవద్దు. రోడ్డంతా బండ్లు, కోళ్లు దొరకవు, దొరికినా ధర పట్టుకోలేం. ఆ వారాల్లో ఇంటి నుంచి సద్ది కట్టుకోవడం నయం.

సద్ది అంటే గుర్తొచ్చింది, మా అత్తమ్మ పద్ధతి అదే. గిన్నప్ప, సకినాలు, పులిహోర. గిన్నప్పనే మీరు సర్వపిండి అంటారేమో, మా వైపు గిన్నెకు అద్ది కాలుస్తాం కాబట్టి ఆ పేరు. రోజంతా పాడుకాదు, చేత్తో తుంచుకుని తినొచ్చు. ఖర్చు లేదు, ఎదురుచూపు లేదు. కాకపోతే చెట్ల కింద విప్పొద్దు, కారులోనే తినండి. పోయిన సంక్రాంతికి మా డబ్బాలోని సకినాలు కోతికి ఎంత నచ్చాయంటే, మూత కూడా తిరిగి రాలేదు.

శనివారం, కార్తీకం అని నీసు ముట్టని చుట్టాలుంటే నాటుకోడి మాట ఎత్తకుండానే ఊళ్లో వంట చెప్పండి. పుంటికూర పప్పు, పచ్చిపులుసు, కాలం బాగుంటే బోడకాకర వేపుడు. వానలు పడ్డాక ఆ కాయలు ములుగు రోడ్డు పక్కనే కుప్పలు పోసి అమ్ముతారు, మీరే కొని ఇస్తే వండిపెడతారు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ కొంచెం ఎక్కువ పిసకమని మాత్రం చెప్పడం మరిచిపోకండి.