ఓడ దిగి ఊరు చూడటానికి షిప్ టూరా, కిరాయి బండా?

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు నుంచి క్రూజ్ ఎక్కేవాళ్లు ఎక్కువగా మూడు దారులు పడుతున్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను అలాస్కా తిప్పడం ఒకటి. సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి రావడం రెండోది. చలికాలంలో దుబాయ్ నుంచి గల్ఫ్ రేవులు చుట్టి రావడం మూడోది. టికెట్ దగ్గర నెలల తరబడి ధరలు చూసేవాళ్లు, రేవుల్లో దిగి తిరిగే టూర్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటలో తేల్చేస్తారు. "షిప్పోళ్లు మస్తు గుంజుతరు, బయట చూసుకుందాం" అనేది ఒక పక్షం. "తెలవని దేశం, అక్కడే కట్టేద్దాం" అనేది ఇంకో పక్షం. నిజానికి ఏ రేవు లెక్క ఆ రేవుదే.

షిప్ టూర్ అంటే క్రూజ్ కంపెనీయే అమ్మే టూర్. దాని విలువంతా ఒక్క హామీలో ఉంది. వాళ్ల బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షిప్ ఆగుతుంది. ఆగే వీలు లేకపోతే తర్వాతి రేవుకు చేర్చే ఖర్చు కంపెనీయే పెట్టుకుంటుంది. సొంతంగా పోయినవాళ్లకు ఆ హామీ లేదు. బయల్దేరే టైమ్‌కు అరగంట ముందు, కొన్ని షిప్పుల్లో గంట ముందే అందరూ ఎక్కేసి ఉండాలి. ఆ తర్వాత గ్యాంగ్‌వే, అంటే షిప్ ఎక్కే వంతెన, తీసేస్తారు. మనం రాలేదని తెలిస్తే సిబ్బంది చాలాసార్లు క్యాబిన్ లాకర్ తెరిచి పాస్‌పోర్టులు తీసి రేవులో ఉండే షిప్ కంపెనీ ఏజెంటుకు ఇచ్చి పోతారు. అక్కడి నుంచి హోటలు, విమానం ఖర్చు మనవే. తర్వాతి రేవు ఇంకో దేశంలో ఉంటే వీసా తిప్పలు కూడా మనవే.

అందుకే ముందు చూడాల్సింది దూరం. షిప్ కాగితంలో "బ్యాంకాక్" అని ఉంటుంది, దిగేది మాత్రం లెం చబాంగ్‌లో. అక్కడి నుంచి నగరం సుమారు 130 కిలోమీటర్లు, అంటే హన్మకొండ నుంచి ఉప్పల్ పోయినంత. పైగా బ్యాంకాక్ ట్రాఫిక్. ఇక్కడ షిప్ టూర్‌కు ఎక్కువ పెట్టినా దండగ కాదు. "రోమ్" అన్నది చివితావెక్కియా రేవు, ఇంచుమించు వరంగల్ నుంచి కరీంనగర్ దూరం. అయితే అక్కడ రోమ్‌కు నేరుగా రైళ్లున్నాయి కాబట్టి, రైలు టైమ్ చూసుకుని తిరగగలిగినవాళ్లు సొంతంగా పోవచ్చు.

పెనాంగ్‌లో దీనికి పూర్తిగా ఉల్టా. షిప్ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్ టౌన్‌లోనే ఉంది. నడిచిపోతే లిటిల్ ఇండియా, మహా మారియమ్మన్ గుడి, ఇడ్లీ దోసె హోటళ్లు వస్తాయి. ఇక్కడ "సిటీ వాక్" అని షిప్‌కు డబ్బు కట్టడం శుద్ధ దండగ. అలాస్కాలో కెచికాన్, స్కాగ్వే ఊళ్లూ అంతే, రేవు నుంచి నడిచి తిరిగేంత చిన్నవి. స్కాగ్వే కొండ రైలు వైట్ పాస్ టికెట్లు ఆ రైలు కంపెనీ దగ్గరే నేరుగా కొనుక్కోవచ్చు. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం 20 కిలోమీటర్ల లోపే. హెలికాప్టర్‌లో పోయి మంచు మీద దిగే టూర్ అయితే మాత్రం షిప్ ద్వారానే తీసుకోండి. వాతావరణం బాగాలేక ఎగరకపోతే డబ్బు తిరిగి రావడానికి లొల్లి ఉండదు.

అలాస్కా సంగతిలో టూర్ కంటే ముందు చూసుకోవాల్సింది వీసా. సియాటెల్‌లో ఎక్కి సియాటెల్‌లోనే దిగే షిప్పులు మధ్యలో కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. విదేశీ జెండా ఉన్న షిప్ అమెరికా రేవు నుంచి బయల్దేరి అమెరికాకే రావాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తగలాలని 1886 నాటి చట్టం. ఇండియన్ పాస్‌పోర్ట్‌కు అమెరికా విజిటర్ వీసా ఒక్కటే చాలదు, కెనడా వీసా కూడా కావాలి. విక్టోరియాలో దిగకుండా క్యాబిన్‌లోనే కూర్చుంటామన్నా సియాటెల్‌లో ఎక్కనివ్వరు. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకు కెనడా వీసా అక్కర్లేదు. అమ్మానాన్నల సంగతి మరుపున పడేది అందుకే. షిప్ టూర్ కొన్నంత మాత్రాన వీసా మాఫీ కాదు.

ఇక డబ్బు. షిప్ టూర్ ధర తలకు ఇంత అని ఉంటుంది, బయట వ్యాన్ బండికి ఇంత. ఉదాహరణకు షిప్‌లో తలకు 90 డాలర్లు, బయట ఎనిమిది సీట్ల వ్యాన్ 260 డాలర్లు అనుకోండి. ఇద్దరే ఉంటే షిప్‌లో 180తో అయిపోతుంది, వ్యానే ఖరీదు. ఆరుగురైతే షిప్‌లో 540, వ్యాన్ అదే 260. ముగ్గురైతే 270, దాదాపు సమానం. కాబట్టి "బయట చౌక" అనే మాట నలుగురు, అంతకంటే ఎక్కువ ఉన్న కుటుంబానికే పూర్తిగా నిజం. షిప్ టూర్ మామూలుగా ఒకటి రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకోవచ్చు. రైలు, విమానం కలిసిన టూర్లకు గడువు ఇంకా ముందే ముగుస్తుంది. అలలు ఎక్కువై షిప్ రేవులో ఆగకపోతే టూర్ డబ్బు క్యాబిన్ ఖాతాలో పడుతుంది. బయటివాళ్ల దగ్గర "షిప్ రాకపోతే డబ్బు వాపస్" అని వాట్సాప్‌లో రాయించుకోవాలి, నోటిమాట నమ్మొద్దు.

షిప్ టూర్‌లో నచ్చనిది టైమ్ వృథా. పొద్దున్నే థియేటర్‌లో కూర్చోబెట్టి చొక్కా మీద నంబర్ స్టిక్కర్ అంటిస్తారు. ఆ నంబర్ పిలిచేదాకా కదలొద్దు. తర్వాత నలభై మంది బస్సు, ఎక్కిన ప్రతిసారీ తలల లెక్క, మధ్యలో నగల దుకాణమో తోలు దుకాణమో. నాలుగున్నర గంటల టూర్‌లో అసలు చోట నిలబడేది గంట కూడా ఉండకపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ బస్సు వేగం అందదు. టూర్ పేరు పక్కన, ఎంత నడవాలో చెప్పే గుర్తు చూడకుండా కట్టొద్దు. కౌలాలంపూర్ దగ్గరి బటు గుహలకు 272 మెట్లు. సొంత బండి అయితే ఓపిక ఉన్నవాళ్లు ఎక్కుతారు, మిగతావాళ్లు కింద కొబ్బరిబోండం తాగుతూ కూర్చుంటారు.

ఫుకెట్‌లో పటాంగ్ ముందు లంగరు వేసే షిప్పుల నుంచి చిన్న టెండర్ పడవల్లో ఒడ్డుకు పోవాలి. షిప్ టూర్ వాళ్లకు మొదటి పడవలు. మిగతావాళ్లు టోకెన్ తీసుకుని కూర్చోవాలి. అలాంటి చోట బయటి బండిని షిప్ వచ్చే టైమ్‌కు రెండు గంటల తర్వాతకు చెప్పాలి. గట్టుకే ఆనుకునే రేవులో గంట చాలు. తిరుగు లెక్కకు, షిప్ ఎక్కాల్సిన ఆఖరి టైమ్ కంటే ఊరిలోపలి తిరుగుడైతే గంట ముందు, గంట ప్రయాణం ఉంటే రెండు గంటల ముందు రేవు గేటు దగ్గర ఉండేలా పెట్టుకోండి. బండివాడికి తారీఖుతో పాటు షిప్ పేరూ చెప్పండి, ఒకే రోజు నాలుగు షిప్పులు వచ్చే రేవులున్నాయి. ఫోన్ అక్కడి టైమ్‌కు తనంతట తానే మారుతుంది, షిప్ గడియారం మారకపోవచ్చు. చేతి గడియారం షిప్ టైమ్‌కు పెట్టి ఇక ముట్టుకోవద్దు. రోజూ క్యాబిన్‌కు వచ్చే కాగితంలో రేవు ఏజెంటు నంబర్ ఉంటుంది, దిగేముందు ఫొటో తీసుకోండి.

బుకింగులన్నీ ఇంట్లో ఉన్నప్పుడే ముగించడం మంచిది. సముద్రం మీద ఇండియా సిమ్‌కు సిగ్నల్ ఉండదు, బ్యాంకు ఓటీపీ రాదు. షిప్ నెట్‌వర్క్ పట్టుకుంటే రోమింగ్ బిల్లు గుండె పట్టుకునేంత వస్తుంది కాబట్టి ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచాలి. కార్డులో విదేశీ వాడకం ముందే ఆన్ చేసుకోండి.

గల్ఫ్ రేవుల్లో మనకో అదనపు సౌకర్యం ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ చుట్టాలెవరో ఒకరు అక్కడ ఉండనే ఉంటారు. అయితే వాళ్ల కారు షిప్ దాకా రాదు, గేటు బయట కలుసుకోవాలి. అబుదాబి షేక్ జాయెద్ మసీదుకు ప్రవేశం ఉచితం, కానీ ఆన్‌లైన్‌లో టైమ్ తీసుకోవాలి, ఆడవాళ్లు తల కప్పుకోవాలి, మడమల దాకా బట్ట ఉండాలి. లూవ్ర్ మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో తెరిచిన బాప్స్ మందిరం దుబాయ్ రోడ్డు వైపు, ఊరికి దూరం. మీటర్ టాక్సీలు నమ్మకమైనవే కాబట్టి ఇక్కడ షిప్ టూర్ అవసరం తక్కువ.

తిండి విషయం ఒక్కటి. ఇంట్లో చేసిన సకినాలు, సర్వపిండి డబ్బాల్లో తెస్తే చాలా షిప్పులు ఎక్కేటప్పుడే ఆపేస్తాయి. సీల్ వేసిన దుకాణం ప్యాకెట్లయితే ఒప్పుకుంటాయి. షిప్‌లో బఫే నుంచి పండ్లు, రొట్టెలు సంచిలో వేసుకుని ఒడ్డుకు దిగడం చాలా దేశాల్లో నిషేధం, కొన్నిచోట్ల గేటు దగ్గర కుక్కలు వాసన చూస్తాయి. శాకాహారులు షిప్ టూర్‌లో భోజనం ఉంటే ముందురోజే టూర్ డెస్క్‌లో చెప్పాలి, బస్సులో చెబితే సలాడ్ ఆకులే దిక్కు.