కానో–అపాపా వేరుశనగ రైలు రవాణా: సమీక్ష

సేవ: బ్రిటిష్ పాలనలో నైజీరియా రైల్వే ఉత్తరాదిలోని కానో నుంచి లాగోస్‌లోని అపాపా రేవుకు వేరుశనగ పప్పు చేరవేయడం. కాలం: రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక తొలి ఏళ్లు. రేటింగ్: 5కి 2.

1911లో రైలు కానో చేరినప్పుడు బ్రిటిష్ వాళ్లు ఆశపడింది పత్తికి. అక్కడి హౌసా జాతి రైతులు మాత్రం వేరుశనగ వేశారు. ధర బాగుంటే అమ్మొచ్చు, లేకపోతే తినొచ్చు. అంత పంటను మోయడానికి ఉన్నది 1,067 మిల్లీమీటర్ల గేజి (పట్టాల మధ్య దూరం), ఒంటి లైను, 1,100 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఎదురు బండి వస్తే లూప్ లైను (బండి పక్కకు తప్పుకునే పట్టా) ఉన్న స్టేషన్లోనే దారివ్వాలి. ఒక ఇంజను చెడితే వెనకవన్నీ ఆగిపోతాయి. యుద్ధకాలంలో ఇంజన్లు అరిగిపోయాయి, కొత్తవి ఆర్డరు పెట్టినా వెంటనే రాలేదు. బొగ్గు ఎనుగు గనుల నుంచి రావాలి.

కానోలో బస్తాలను పిరమిడ్లుగా పేర్చేవారు. ఒక్కోదానిలో దాదాపు 15,000. బస్తా 80 కిలోలని లెక్కేస్తే 1,200 టన్నులు, అంటే 25 టన్నుల వ్యాగన్లు 48. ఒక్క పిరమిడ్ కదలాలంటేనే అన్ని కావాలి! ఊళ్లో అలాంటివి వరుసలుగా ఉండేవి.

నది దారి ఉందిగా అనొచ్చు. బారో అనే నది రేవు నుంచి నైజర్ నది మీదుగా సముద్రానికి పడవలు వెళ్లేవి. కానీ అక్కడ నిండుగా నీళ్లుండేది వానాకాలంలోనూ, ఆ వెంటనే కొన్నాళ్లూ. సరుకు మార్కెట్‌కొచ్చేది నవంబరు నుంచి. పంట చేతికొచ్చేసరికి నదిలో నీళ్లు తగ్గిపోతాయి. నదిని నమ్ముకున్న బస్తా మళ్లీ వరద దాకా ఆగాల్సిందే.

నన్ను బాధించేది ఇదీ: నూనె కొరత తీర్చాలని బ్రిటన్ 1947లో టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం) అడవి కొట్టి వేరుశనగ వేయబోయింది. 1951లో వదిలేసేసరికి దాదాపు 3.6 కోట్ల పౌన్లు పోయాయి. అదే సమయంలో పండిన పప్పు కానోలో వ్యాగన్ల కోసం పడి ఉంది. ఆ డబ్బులో కొంత ముందే ఇంజన్లకూ, లూప్ లైన్లకూ పెట్టాల్సింది.

ఆలస్యం ఖరీదు సరుకు నాణ్యతలో కనిపిస్తుంది. ఒలవడం సులువని కాయ మీద నీళ్లు చల్లితే పప్పులో తేమ మిగిలి, బండి కోసం ఆగినన్నాళ్లూ బూజు పడుతుంది. మన సీమలో చెనక్కాయ పండించేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. విరిగిన పప్పులో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ (నూనె చెడుతోందని చూపే ఆమ్లం) పెరుగుతుంది, నూనె శుద్ధిలో తరుగు పోతుంది. నిల్వ సరుకును తినే ఖాప్రా పురుగు లార్వాలు (పిల్ల పురుగులు) గోనె మడతల్లో, కుట్ల సందుల్లో దాక్కుని నెలల తరబడి తిండి లేకపోయినా బతుకుతాయి. అందుకే పాత సంచిని శుభ్రం చేయకుండా మళ్లీ వాడితే కొత్త పప్పుకూ పడుతుంది. మందు పొగ పెట్టేటప్పుడు టార్పాలిన్ అంచులు నేలకు ఒత్తుకుని ఉండాలి. సందుంటే గ్యాసు బయటికి పోతుంది, లోపలి బస్తాల్లో పురుగు మిగిలిపోతుంది. లోడింగ్‌లో పాత పిరమిడ్‌దే మొదటి వంతు కావాలి. లైనుకు దగ్గరని కొత్తదాన్ని ముందు ఎక్కిస్తే, దూరంగా ఉన్న పాతదానికి వ్యాగన్లు వచ్చేలోపే వానలు మొదలవుతాయి.