కట్టెల చిప్పర్‌కు హెవీ డ్యూటీ పీటీవో షాఫ్ట్: తిరుపతిలో కొని ఒక సీజన్ వాడాక

ముందే చెప్పేస్తాను, ట్రాక్టర్ మీద కట్టెల చిప్పర్ (కొమ్మల్ని ముక్కలు చేసే మెషీన్) నడిపేవాళ్లు పీటీవో షాఫ్ట్, అంటే ట్రాక్టర్ వెనకనుంచి మెషీన్‌కు బలం అందించే తిరిగే కడ్డీ, కొనేటప్పుడు రొటావేటర్ షాఫ్ట్‌తో సరిపెట్టుకోవద్దు. డబ్బు ఎక్కువైనా సరే, స్లిప్ క్లచ్ (లోడు మించితే జారేది), ఓవర్‌రన్నింగ్ క్లచ్ (ఆపాక డిస్కు తిరుగుడు ట్రాక్టర్‌కు రానివ్వనిది) రెండూ ఉన్న హెవీ డ్యూటీ షాఫ్టే వేయించుకోండి, అదీ కొలత తీసి మన బండికి తగ్గట్టు కోసి ఇచ్చే షాపులోనే. నేను తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఒక స్పేర్ పార్ట్స్ షాపులో తీసుకున్నాను. మామిడి కోతలు అయిపోయినప్పటి నుంచి దాదాపు రోజూ ఆడుతోంది, ఇంతవరకు క్రాస్ (షాఫ్ట్ వంగే జాయింట్ మధ్యలో ఉండే కూడిక గుర్తులాంటి ముక్క) ఒక్కటి కూడా మార్చలేదు. పాత షాఫ్ట్‌తో నేను పడ్డ బాధ చూసినవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో తెలుసు. కొనేముందు దీని గురించి తెలుగులో ఎక్కడైనా ఉందా అని చాలా వెతికాను, సరైనది దొరకలేదు, అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

మా పని పాకాల, దామలచెరువు, పూతలపట్టు చుట్టుపక్కల. తిరుపతి దగ్గర కలప పని అనగానే అందరూ ఎర్రచందనం అనుకుంటారు, అది అటవీ శాఖ వ్యవహారం, దాని జోలికి మేం పోము. మేం చేసేది పాత మామిడి తోటలు, నీలగిరి, సరుగుడు. 2025లో తోతాపురి రేటు పడిపోయి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది కదా, ఆ దెబ్బకు మా వైపు ముసలి చెట్లున్న రైతులు కొందరు తోటలు తీసేయడం మొదలుపెట్టారు. లావు మొద్దులు పెట్టెల చెక్కకు సా మిల్లుకు పోతాయి. మిగిలిన కొమ్మలు, వంకర దుంగలు మేం చిప్పర్‌లో వేసి బాయిలర్లకు అమ్ముతాం.

రొటావేటర్ మట్టిలో తిరుగుతుంది, లోడు ఎక్కువైనా చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. చిప్పర్ అలా కాదు. లోపల బరువైన డిస్కు, దానికి బ్లేడ్లు, ఖాళీగా తిరిగినంతసేపు ఏ ఇబ్బందీ లేదు, ముడి ఉన్న మామిడి దుంగ లోపలికి పోయిందంటే ఆ దెబ్బ నేరుగా షాఫ్ట్ మీదే పడుతుంది. లెక్క వేసి చూడండి. 50 హెచ్‌పీ ట్రాక్టర్‌కు పీటీవో దగ్గర 45 హెచ్‌పీ వచ్చిందనుకుంటే, 540 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 590 న్యూటన్ మీటర్ల టార్క్. అంటే మీటరు పొడవున్న కడ్డీ చివర 60 కిలోల బరువు వేలాడదీస్తే ఎంత మెలి పడుతుందో, పని జరిగినంతసేపూ ఆ షాఫ్ట్ మీద అంత పడుతూనే ఉంటుంది. ఇది సాఫీగా నడిచేటప్పటి మాట, దుంగ ఇరుక్కుని డిస్కు టక్కున ఆగితే దీనికి ఎన్నో రెట్లు. అదే పవర్ 1000 ఆర్‌పీఎం మీద పంపితే టార్క్ ఇంచుమించు సగానికి వచ్చేస్తుంది, పెద్ద చిప్పర్లు, మల్చర్లు 1000 మీద నడిపేది అందుకే. మన ఊళ్లలో తిరిగే ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఉన్నది మాత్రం 540, ఆరు పళ్ల స్ప్లైన్ (షాఫ్ట్ తొడిగే పళ్ల చివర).

స్వీడన్, ఫిన్లాండ్, కెనడా అడవుల్లో దుంగలు మోసే ఫార్వర్డర్లు, దుంగలు ఈడ్చే స్కిడ్డర్లు వీడియోల్లో చూసే ఉంటారు. వాటికి నడుం దగ్గర కీలు ఉంటుంది, స్టీరింగ్ తిప్పితే బండి మధ్యలోనే వంగుతుంది. అలా వంగినా ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం అందించేది క్రాస్ జాయింట్లు ఉన్న ఇలాంటి షాఫ్టులే, సైజు పెద్దది అంతే. బురద, మోడులు, ఎగుడుదిగుళ్లు, ఒక్కసారిగా పడే లోడు, అన్నీ తట్టుకోవాలి కాబట్టి వాటి క్రాస్‌లు లావుగా ఉంటాయి. మన బజార్లో కొన్ని షాఫ్టుల మీద ఫారెస్ట్రీ అని స్టిక్కర్ ఉంటుంది. దాన్ని చూసి కొనొద్దు. వెర్నియర్ పెట్టి క్రాస్ కప్పు (క్రాస్ కాలి చివర తొడిగే బేరింగ్ మూత) వ్యాసం, ఒక కప్పు అంచు నుంచి ఎదురు కప్పు అంచు దాకా పొడవు కొలవమనండి. ఆ రెండు కొలతలే షాఫ్ట్ అసలు తాకత్తు చెప్తాయి, పైపు ఎంత మందంగా ఉన్నా క్రాస్ చిన్నదైతే పోయేది క్రాసే.

చిప్పర్‌తోపాటు వచ్చిన షాఫ్ట్ సంగతి అలాగే అయింది, ఆ కంపెనీ పేరు ఇక్కడ వద్దులెండి. చూడ్డానికి గట్టిగానే ఉండేది. కొన్నాళ్లకు లోడు పడినప్పుడల్లా టక్ టక్ అని చప్పుడు, తర్వాత సీటు కింద వణుకు. పాకాల మెకానిక్ దగ్గర విప్పించాను. సర్‌క్లిప్ తీసి కప్పు లాగగానే గ్రీజుకు బదులు కుంకుమలాంటి ఎర్రటి తుప్పుపొడి రాలింది. లోపలి నీడిల్స్ (సూదుల్లాంటి సన్నటి బేరింగ్ కడ్డీలు) కొన్ని రెండు ముక్కలయ్యాయి, క్రాస్ కాలు మీద గోరు పెట్టి లాగితే వరుసగా గాట్లు తగిలాయి. క్రాస్ తన చుట్టూ తాను పూర్తిగా తిరగదు, కాస్త అటూ ఇటూ ఊగుతుంది అంతే, కాబట్టి దెబ్బ పడిన ప్రతిసారీ ఆ నీడిల్ అదే చోట గుద్దుతుంది, గ్రీజు లేకపోతే ఇక చెప్పేదేముంది. గ్రీజు ఎందుకు లేదంటే, గ్రీజు కొట్టే నిపుల్‌కు గన్ పెట్టాలంటే గార్డు (షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు) మొత్తం ఊడదీయాల్సినట్టు చేశారు దాన్ని! తోటలో పని మధ్యలో గార్డు ఊడదీసి గ్రీజు కొట్టే కూలీ ఎవరుంటారు? యోక్ (క్రాస్‌ను పట్టి ఉంచే రెండు చెవుల ముక్క) కన్నాలు కూడా సాగిపోయాయి, కొత్త క్రాస్ వేసినా నిలవదని మెకానిక్ అక్కడే తేల్చేశాడు.

తిరుపతి షాపాయన నాకు ముందు షాఫ్ట్ చూపించలేదు. "ట్రాక్టర్ ఏది నా? చిప్పర్ త్రీ పాయింట్‌కు తగిలిస్తావా, చక్రాల మీద లాగేదా?" అని అడిగాడు. త్రీ పాయింట్ (ట్రాక్టర్ వెనక లిఫ్ట్‌కు తగిలించేది) అన్నా అని చెప్పి, పాత షాఫ్ట్ పొడవు ఇదీ, దీనికే ఇచ్చేయండి అంటే ఒప్పుకోలేదు. "పాతదాని కొలతకు నేను కొయ్యను నా. ట్రాక్టర్, చిప్పర్ రెండూ తీసుకురా, తగిలించి చూసి కోస్తా." పాకాల నుంచి చిప్పర్ తగిలించుకుని తిరుపతి దాకా పోవాలంటే డీజిల్ దండగ అనిపించే మాట నిజమే, కానీ అది చూశాకే ఆ షాపు మీద నాకు నమ్మకం కుదిరింది. లిఫ్ట్ పూర్తిగా ఎత్తించాడు, పూర్తిగా దించించాడు, పీటీవో స్ప్లైన్‌కూ చిప్పర్ స్ప్లైన్‌కూ మధ్య దూరం రెండు చోట్లా టేపు పెట్టి సుద్దముక్కతో రాసుకున్నాడు. బాగా దగ్గరైనప్పుడు లోపలి ట్యూబు వెళ్లి అటు చివర తన్నకూడదు, కనీసం అంగుళం ఖాళీ మిగలాలి, లేకపోతే ఆ తోపుడంతా ట్రాక్టర్ పీటీవో బేరింగ్ మీద పడుతుంది. బాగా దూరమైనప్పుడు రెండు ట్యూబులూ ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు దిగి ఉండాలి. రెండు ట్యూబులూ, వాటి మీది ప్లాస్టిక్ గార్డులూ సమానంగా కోసి, అంచులకు ఆకురాయి పట్టించి, లోపల గ్రీజు పూసి తొడిగి ఇచ్చాడు. కోత కూలి విడిగా తీసుకోలేదు.

ఇంకో మంచి పని, రెండు యోకులు వరస కలిశాయో లేదో నా చేత చూపించాడు. షాఫ్ట్‌ను నేలమీద పెడితే మధ్య ట్యూబుకు అతుక్కుని ఉన్న రెండు యోకులూ ఒకే వాలులో ఉండాలి. క్రాస్ జాయింట్ వంగి తిరిగితే స్పీడు ఒకే తీరుగా రాదు. 30 డిగ్రీలు వంగితే ఇటువైపు 540 నిలకడగా తిరుగుతున్నా, ఒక్క జాయింట్ దాటేసరికి ప్రతి చుట్టుకూ రెండుసార్లు 468కి పడి 623 దాకా లేస్తుంది. రెండో జాయింట్ అంతే వంపులో, అదే వరసలో ఉంటే ఆ హెచ్చుతగ్గులు కొట్టుకుపోయి డిస్కుకు మళ్లీ 540 సాఫీగా చేరుతుంది. వరస తప్పితే రెండూ కలిసి సెకనుకు 18 సార్లు కుదుపుతాయి. నాది లెమన్ ట్యూబు (అడ్డకోత నిమ్మకాయ ఆకారంలో ఉండేది), దాన్ని తిప్పి తొడిగినా వరస తప్పదు. స్ప్లైన్ ట్యూబు ఉన్నవాళ్లు కడిగి మళ్లీ తొడిగేటప్పుడు బాణం గుర్తులు కలిశాయో లేదో చూసుకోవాల్సిందే. 15 డిగ్రీలలో ఆ తేడా చాలా తక్కువ, కాబట్టి చిప్పర్‌ను ట్రాక్టర్‌కు వీలైనంత తిన్నగా ఉండేలా లిఫ్ట్ ఎత్తు సరిచేసుకోండి.

డబ్బు ఎక్కువ పెట్టింది ఎందుకంటే క్లచ్‌ల కోసమే. పీటీవో ఆపినా చిప్పర్ డిస్కు దాని బరువుకు అది తిరుగుతూనే ఉంటుంది, ఓవర్‌రన్నింగ్ క్లచ్ లేకపోతే ఆ డిస్కు ఎదురు తిరిగి ట్రాక్టర్ గేర్‌బాక్స్‌ను తిప్పాలని చూస్తుంది. ఇప్పుడు ఆపగానే ట్రాక్టర్ వైపు నిలిచిపోతుంది, డిస్కు దానిపాటికి అది నెమ్మదిస్తుంది. స్లిప్ క్లచ్ చిప్పర్ వైపు ఉంది, లోపల ప్లేట్లు, చుట్టూ స్ప్రింగులు. దుంగ ఇరుక్కుంటే ప్లేట్లు జారి కాలిన వాసన వస్తుంది, వెంటనే పీటీవో ఆపేసి, డిస్కు పూర్తిగా నిలిచాక దుంగ తీసి మళ్లీ మొదలుపెట్టడమే. మా పక్క ఊళ్లో షియర్ బోల్ట్ షాఫ్ట్ వాడే ఒకతను బోల్టు మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు బిగించాడు, బోల్టు తెగలేదు, యోక్ పగిలింది. కంపెనీ చెప్పిన గ్రేడు బోల్టే వేయాలి, అది తెగడానికే ఉంది. స్లిప్ క్లచ్‌కు ఒక్కటే జాగ్రత్త, అక్టోబరు, నవంబరు వానలకు బండి నిలబెట్టేస్తే ప్లేట్లు తుప్పు పట్టి అతుక్కుంటాయి, అప్పుడు క్లచ్ ఉన్నా లేనట్టే. మళ్లీ పని మొదలుపెట్టేముందు స్ప్రింగుల నట్లు వదులు చేసి, ఒకసారి జారనిచ్చి, కంపెనీ చెప్పిన కొలతకే బిగించాలి.

గార్డు గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. 540 అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ అంచు, భుజం మీది తువ్వాలు, చీర కొంగు దానికి తగిలితే చెయ్యి వెనక్కి లాక్కునేంత టైం కూడా ఉండదు. మా దగ్గర కొమ్మలు అందించేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, ఆ షాఫ్ట్ పక్కనుంచే నడుస్తారు, అందుకే కొంగు నడుముకు చెక్కుకుంటే తప్ప ఎవరినీ బండి దగ్గరికి రానివ్వను. ఈ షాఫ్ట్ గార్డు రెండు చివర్లా యోకులను కూడా కప్పుతుంది, లోపల నైలాన్ రింగుల మీద ఆనుకుని ఉంటుంది, గొలుసు ట్రాక్టర్‌కు తగిలిస్తే షాఫ్ట్ తిరిగినా గార్డు తిరగదు. ఇంజను ఆపి, తాళం తీసేసి గార్డును చేత్తో తిప్పి చూడండి, తేలిగ్గా తిరిగితే రింగులు బాగున్నట్టు. షాపుల్లో గార్డు లేకుండా తక్కువకు ఇస్తాం అంటారు, దయచేసి తీసుకోవద్దు. గార్డు మీద నిపుల్‌కు ఎదురుగా మూత ఉంది కాబట్టి ఇప్పుడు గ్రీజు కొట్టడం చిటికెలో పని. పొద్దున బండి తీసేముందే డ్రైవరు కొట్టేస్తాడు, మామూలు లిథియం గ్రీజే.

బాగాలేనివీ ఉన్నాయి. గొలుసు కొక్కెం చాలా పలచన, సాగిపోతే లావుది మార్పించాను, ఇంత ధర తీసుకుని అక్కడ పిసినారితనం ఎందుకో అర్థం కాలేదు. బరువు ఎక్కువ, ఒక్కరు తగిలించలేరు, ఒకరు ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు పిన్ను నొక్కి స్ప్లైన్‌లోకి తొయ్యాలి, పిన్ను టక్కున బయటికి వచ్చిందో లేదో లాగి చూడాలి. ధర మామూలు రొటావేటర్ షాఫ్ట్‌కు రెండింతల పైనే. హెచ్చరికల స్టిక్కర్ అంతా ఇంగ్లీషే, వాడే డ్రైవర్లకు అది ఏం ఉపయోగం? తెలుగులో ఒక కాగితమైనా ఇవ్వమని షాపాయనకు చెప్పాను, చూస్తానన్నాడు.

లారీల ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించేది) పని కూడా ఆ షాపులో జరుగుతుంది, కానీ బ్యాలెన్సింగ్ మెషీన్ లేదు, దానికి వేరే చోటికి పంపుతారు. చిప్పర్ షాఫ్ట్ పొట్టిది, 540 మీదే తిరుగుతుంది, కాబట్టి నాకు ఆ లోటు తెలియలేదు. నీలగిరి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కే లారీలకు సంగతి వేరు, రోడ్డు మీద ఆ షాఫ్ట్ నిమిషానికి వేలల్లో తిరుగుతుంది, ట్యూబు వెల్డింగ్ చేయించి బ్యాలెన్సింగ్ లేకుండా బిగిస్తే సెంటర్ బేరింగ్ తొందరగా పోతుంది. ఆ పనికైతే మెషీన్ ఉన్న చోటికే నేరుగా వెళ్లండి.

కొనేవాళ్లు షాఫ్ట్‌తోపాటే ఒక క్రాస్ కిట్ కూడా తీసిపెట్టుకోండి. ఈ సైజు క్రాస్ పాకాలలో, చిత్తూరులో నేను అడిగిన చోట దొరకలేదు, తిరుపతిలో కూడా ఒక్కోసారి ఆర్డరు పెట్టి తెప్పించాలి.